ఫెవికాల్ ఆఖరి వారానికే: అట్టపెట్టెల హార్బర్ ప్రాజెక్టు డైరీ

జూన్ చివరి వారం

ఈ టర్ములో నాలుగు, ఐదు తరగతుల పిల్లలు కలిసి చేసేది ఒక చిన్న హార్బరు. సిరంజిలతో లేచే క్రేను, అది ఎత్తడానికి కంటైనర్లు, కొండెక్కే రోప్‌వే, వెలిగి ఆరే లైట్‌హౌసు, నీళ్ళలో మునిగి తేలే జలాంతర్గామి. విశాఖ పిల్లలకు ఇవేవీ పుస్తకంలో బొమ్మలు కావు. పోర్టు క్రేన్లు దారిలో కనిపిస్తూనే ఉంటాయి. కైలాసగిరి రోప్‌వే ఎక్కినవాళ్ళు, బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి లోపలికెళ్ళి చూసొచ్చినవాళ్ళు ప్రతి తరగతిలో ఉంటారు. యారాడ కొండ మీద లైట్‌హౌసు సంగతి జాలరిపేట పిల్లలకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు. "ఇదెలా పనిచేస్తుంది టీచర్?" అన్న ప్రశ్న వాళ్ళే పట్టుకొస్తారు. మన పని సామాను అమర్చి, కొలతలు చేతికిచ్చి, అడ్డు తప్పుకోవడం.

నలుగురికి ఒక జట్టు, మొత్తం ఎనిమిది జట్లు. వారానికి ఒకసారి చివరి రెండు పీరియడ్లు కలిపి 80 నిమిషాలు. ఒక్క పీరియడైతే సామాను తీయడానికి, సర్దడానికే సరిపోతుంది, పని సాగదు.

గోడ మీద పెద్దక్షరాలతో రాసి పెట్టింది ఒక్క మాట: బొమ్మ పనిచేసేదాకా జిగురు వాడొద్దు. ముక్కల్ని రబ్బరు బ్యాండ్లతో, బైండర్ క్లిప్పులతో, మాస్కింగ్ టేపుతో, వెదురు పుల్లలు గుచ్చి, పురికొస కట్టి నిలబెట్టాలి. ఫెవికాల్ బీరువాలోనే ఉంటుంది. దీనికి రెండు కారణాలున్నాయి. అతికించిన ముక్కను పిల్లలు మళ్ళీ ముట్టుకోరు. రంధ్రం ఒక సెంటీమీటరు పక్కకు జరిపితే క్రేను లేస్తుందని తెలిసినా, విప్పితే చిరుగుతుందన్న భయంతో అలాగే వదిలేస్తారు. క్లిప్పు పెట్టింది అయితే అరనిమిషంలో జరిపి చూస్తారు. రెండో కారణం మన ఊరి గాలి. జూలై, ఆగస్టుల్లో తేమకు అట్ట మీద ఫెవికాల్ ఆ పూటలో ఆరదు, రాత్రంతా బరువు కింద ఉంచాలి. ఆరేలోపు తడి తాగిన అట్ట వంకర తిరుగుతుంది.

ఒక్కో జట్టుకు సామాను: ఐదు పొరల అట్ట 40 × 30 సెం.మీ. ఒకటి (అడుగు పలక), మూడు పొరల అట్ట ఏ4 సైజువి నాలుగు, 3 మి.మీ. వెదురు పుల్లలు ఎనిమిది, 10 మి.లీ. సిరంజిలు రెండు, 5, 20 మి.లీ. సిరంజిలు ఒక్కొక్కటి, సన్న గొట్టం 60 సెం.మీ., చిన్న బైండర్ క్లిప్పులు ఆరు, రబ్బరు బ్యాండ్లు గుప్పెడు, వల దారం 4 మీటర్లు, ఖాళీ లావు రీఫిళ్ళు రెండు, కేబుల్ టైలు నాలుగు. మాస్కింగ్ టేపు రెండు జట్లకు ఒక చుట్ట చాలు. ఎక్కువిస్తే టేపే గోడవుతుంది, టేపే కీలవుతుంది, ఆలోచన ఆగిపోతుంది.

అట్టలకు టీవీ, ఫ్రిజ్ కొట్లలో అడిగితే చాలు. యాపిల్ పెట్టెలు కూడా బాగుంటాయి గానీ తడిసినవి తేవద్దు. వల దారం ఫిషింగ్ హార్బర్ వైపు కొట్లలో దొరుకుతుంది. మామూలు నూలు దారం కన్నా ఇది మేలు, ఎందుకో రోప్‌వే దగ్గర చెప్తాం. గొట్టానికి అక్వేరియం కొట్లో గాలి గొట్టం అడగాలి. లోపలి వ్యాసం 4 మి.మీ. ఉంటుంది, సిరంజి మూతికి బిగుతుగా పడుతుంది. సిరంజిలు మెడికల్ షాపులో కొత్తవే కొనాలి, వాడినవి ఎవరిచ్చినా తీసుకోకూడదు. ప్యాకెట్లో సూది కూడా ఉంటే దాన్ని బడికి తేకముందే తీసేసి, మూత బిగిసే గట్టి డబ్బాలో వేసి, ఆసుపత్రి చెత్తతో పోయేలా చూడాలి. పిల్లల ముందు ప్యాకెట్ విప్పి సూది తీయడం అసలు చేయకూడదు.

థర్మోకోల్ ఎవరూ తేవద్దని ముందే చెప్పాలి. అలంకరణకు వాడే థర్మోకోల్‌ను, ప్లాస్టిక్ స్ట్రాలను 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించారు. ఆ సంగతి అటుంచినా, తయారీ పనికి థర్మోకోల్ పనికిరాదు. పుల్ల గుచ్చిన రంధ్రం రెండు తిప్పుళ్ళకే వదులైపోతుంది, పొడి గదంతా ఎగురుతుంది.

జూలై మొదటి వారం

కోతకు ముందు అట్ట పరీక్ష. అట్ట లోపల ముడతలు ఒక దిశలో పరుగెడతాయి. ఆ దిశకు పొడవుగా ఒక పట్టీ, అడ్డంగా ఒక పట్టీ, రెండూ 30 × 4 సెం.మీ. కోసి, 25 సెం.మీ. ఎడంగా ఉన్న రెండు పుస్తకాల దొంతరల మీద పరిచి, మధ్యలో కప్పు వేలాడదీసి నీళ్ళు పోయాలి. నీళ్ళు సిరంజితోనే కొలవాలి, 10 మి.లీ. అంటే 10 గ్రాములు. తూకం మిషను అక్కర్లేదు. అడ్డం ముడతల పట్టీ ముందు విరుగుతుంది, అదీ ముడత గీత వెంబడే. రెండో పట్టీ ఇంకా చాలా మోస్తుంది. తర్వాత అదే పట్టీని పరచకుండా అంచు మీద నిలబెట్టి, పక్కకు పడకుండా పట్టుకుని చూస్తే ఇంకా ఎక్కువ మోస్తుంది. క్రేను చేతికి అట్ట ఎలా కోయాలి, ఎలా నిలబెట్టాలి అన్నది ఇక్కడే తేలిపోతుంది.

కోత ఎవరిది? మూడు పొరల అట్ట పిల్లలు పెద్ద కత్తెరతో కోస్తారు. ఐదు పొరలది టీచరే, స్టీలు స్కేలు ఆనించి, కింద పాత అట్ట వేసి, కట్టరుతో ఒకే గీతను మూడు నాలుగుసార్లు తేలిగ్గా గీసి కోయాలి. ఒక్కసారే బలంగా నొక్కితే కట్టరు జారేదీ అప్పుడే, అంచు చిట్లేదీ అప్పుడే. మడతకు మాత్రం కట్టరు వద్దు. ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో గీత మీద గట్టిగా నొక్కి గీసి మడిస్తే సూటిగా మడుస్తుంది.

జూలై రెండో వారం

ఈ వారం సిరంజిలు మాత్రమే, క్రేను లేదు. ఇది దాటేసి నేరుగా క్రేను మొదలుపెట్టాలనిపిస్తుంది గానీ, దాటేస్తే తర్వాత తప్పు ఎక్కడుందో తెలియదు.

ముందు గాలితో. రెండు 10 మి.లీ. సిరంజిలకు గొట్టం తగిలించి, ఒకటి తోస్తే రెండోది వెంటనే కదలదు. కాస్త ఆగి ఒక్క కుదుపుతో లేస్తుంది. గాలి నొక్కుకుపోతుంది, ఆ తర్వాతే తోస్తుంది. తర్వాత నీళ్ళతో. బకెట్లో మొదటి సిరంజి, గొట్టం నీళ్ళలో ముంచి నింపి, మూతి పైకి పట్టుకుని గోటితో తట్టి బుడగలు పైకి తెప్పించి కొద్దిగా తోసి బయటికి పంపాలి. రెండో సిరంజి పిడిని పూర్తిగా లోపలికి తోసి ఉంచి, నీళ్ళలోనే గొట్టానికి తగిలించాలి. బయటికి తీసి తోస్తే రెండోది ఆలస్యం లేకుండా కదులుతుంది. నీళ్ళలో వంటరంగు చుక్క వేస్తే బుడగ ఎక్కడుందో కనిపిస్తుంది. గొట్టం వంపులో శెనగగింజంత బుడగ మిగిలినా క్రేను చివర వణుకు వస్తుంది.

పిల్లలు బాగా నేర్చుకునే పరీక్ష 5 మి.లీ., 20 మి.లీ. జోడీ. 5 మి.లీ. సిరంజి పూర్తిగా తోసినా 20 మి.లీ. సిరంజి పిడి 5 గీత దాకానే లేస్తుంది. వెళ్ళిన నీళ్ళు ఎన్నో అక్కడ చేరినవీ అన్నే. కానీ ఇద్దరు పిల్లల్ని చెరొక పిడి మీద బొటనవేలు పెట్టి ఎదురెదురుగా తోయమంటే, 5 మి.లీ. పట్టుకున్న రెండో తరగతి పాప 20 మి.లీ. పట్టుకున్న ఐదో తరగతి అబ్బాయిని గెలుస్తుంది. లోపలి వ్యాసం స్కేలుతో కొలిస్తే ఒకటి సుమారు 12, ఇంకోటి సుమారు 19 మి.మీ. వైశాల్యం రెండున్నర రెట్లు, బలమూ అంతే పెరుగుతుంది, కదలిక అంతే తగ్గుతుంది. ప్రాథమిక తరగతులకు సూత్రం అక్కర్లేదు, "బలం ఎక్కువైతే దూరం తక్కువ" అని కొలతలతో పట్టిక రాస్తే సరిపోతుంది. జేసీబీ చేతుల పక్కన మెరిసే లోహపు కడ్డీలు ఇవేనని వాళ్ళే గుర్తుపడతారు. ఒకటి మాత్రం విడమరిచి చెప్పాలి: పోర్టులో కంటైనర్లు ఎత్తే పెద్ద క్రేన్లు ఉక్కు తాళ్ళతో, మోటార్లతో ఎత్తుతాయి, మన సిరంజి క్రేను జేసీబీ తీరుది.

పిడి రబ్బరు పట్టేస్తే నూనె రాయకూడదు, రబ్బరు ఉబ్బి ఇంకా బిగుస్తుంది. గ్లిజరిన్ ఒక్క చుక్క చాలు.

జూలై మూడు, నాలుగు వారాలు

క్రేను. ఈ ప్రాజెక్టులో ఎక్కువ సమయం దీనికే ఇవ్వాలి.

స్తంభం: 25 × 6 సెం.మీ. అట్టలు రెండు, ముడతలు నిలువుగా, మధ్య 4 సెం.మీ. ఎడం. అడుగు పలక మీద వెనుక అంచు నుంచి 8 సెం.మీ. దగ్గర నిలబెట్టి, రెండువైపులా మడత పట్టీలు పెట్టి క్లిప్పులతో బిగించాలి. చేయి: 32 × 3 సెం.మీ. పట్టీలు రెండు, ముడతలు పొడవుగా, అంచు మీద నిలబడేలా, మధ్య 2.5 సెం.మీ. ఎడం. ఆ ఎడంలోనే సిరంజి పిడి తల పడుతుంది. రెండు పట్టీల ఎడం నిలబడటానికి చివరా మధ్యలోనూ పుల్లలు గుచ్చి, పుల్లకు రీఫిల్ ముక్క 2.5 సెం.మీ.ది తొడగాలి.

ఇరుసు రంధ్రం చేతి వెనుక చివర నుంచి 2 సెం.మీ., స్తంభంలో పలక నుంచి 20 సెం.మీ. ఎత్తులో. సిరంజి పిడి తగిలే రంధ్రం ఇరుసు నుంచి 6 సెం.మీ. ముందు. పిడి తల దగ్గర ప్లాస్టిక్ పక్కలకు 3.5 మి.మీ. రంధ్రం చేతి డ్రిల్లుతో టీచర్ వేసి ఇవ్వాలి, అందులోంచి పుల్ల దూరుతుంది. సిరంజి కింది చివర, మూతి దగ్గర, కేబుల్ టై వేసి స్తంభంలోని ఇంకో అడ్డ పుల్లకు కట్టాలి. టై జారకుండా ముందు అక్కడ మాస్కింగ్ టేపు రెండు చుట్లు వేయాలి.

ఆ కింది పుల్ల ఎక్కడ గుచ్చాలి అన్నదే అసలు లెక్క. సిరంజి కంపెనీని బట్టి పొడవు మారుతుంది కాబట్టి జట్టు తనదే కొలవాలి. పిడి పూర్తిగా లోపలుంటే మూతి దగ్గరి కట్టు నుంచి పిడి రంధ్రం దాకా ఎంత, 10 గీత దాకా లాగితే ఎంత. సుమారు 10, 16 సెం.మీ. వస్తాయి. మధ్య పొడవు 13. అందులోంచి ఒకటి తీసేస్తే 12. ఇరుసుకు సూటిగా 12 సెం.మీ. కింద, అంటే పలకకు 8 సెం.మీ. పైన గుచ్చాలి. అలా చేస్తే చేయి అడ్డానికి కింద ముప్ఫై డిగ్రీల పైచిలుకు నుంచి, పైకి మళ్ళీ అంతే దాకా ఊగుతుంది. పుల్ల ఇరుసుకు మరీ దగ్గరైతే చేయి ఎప్పుడూ ఆకాశం చూస్తుంది, మరీ దూరమైతే కిందికి వేలాడి పైకి రాదు. రెండు రకాలూ తరగతిలో కనిపిస్తాయి. జిగురు లేదు కాబట్టి పుల్ల పీకి ఇంకోచోట గుచ్చుకుంటారు.

బరువు లెక్క కూడా ఇక్కడే. ఇరుసుకు చేతి కొన 30 సెం.మీ., పిడి 6 సెం.మీ. కొన దగ్గర 50 గ్రాములు ఎత్తాలంటే పిడి దగ్గర కనీసం 250 గ్రాముల తోపు కావాలి. ప్రతిఫలంగా పిడి 1 సెం.మీ. కదిలితే కొన 5 సెం.మీ. లేస్తుంది. కొందరు రంధ్రాన్ని 10 సెం.మీ. దగ్గరికి మారుస్తారు. తోయడం తేలికవుతుంది, కొన అంత ఎత్తు లేవదు. రెండింటికీ పట్టిక రాయించాలి. ఏది "సరైనది" అని మేం చెప్పం, కంటైనరును ఎంత ఎత్తుకు లేపాలన్న దాన్నిబట్టి జట్టే తేల్చుకోవాలి.

ఏం చెడుతుందో, ఎందుకో: అన్నిటికన్నా ఎక్కువగా చెడేది సిరంజిని కదలకుండా బిగించేయడం వల్ల. చేయి లేస్తుంటే సిరంజి కూడా ముందుకూ వెనక్కూ వాలాలి. టేపుతో స్తంభానికి గట్టిగా చుట్టేస్తే, తోసిన బలమంతా అట్టను చింపడానికే పోతుంది. గ్లూ గన్‌తో అతికించిన మోడళ్ళు బజార్లో కిట్లుగా వచ్చినా ఇదే తీరు, నాలుగుసార్లు లేచి ఐదోసారికి పట్టు ఊడుతుంది. రెండోది రంధ్రం కోలగా అయిపోవడం. అట్ట రంధ్రంలో పుల్ల నేరుగా తిరిగితే రంధ్రం పెద్దదై చేయి పక్కకు ఊగుతుంది. రంధ్రంలో లావు రీఫిల్ ముక్క దూర్చి, అందులో పుల్ల తిప్పాలి. రీఫిల్ ముక్క అట్ట మందం కన్నా 2 మి.మీ. ఎక్కువ పొడవుంటే అట్టలు ఒకదానికొకటి రాసుకోవు. మూడోది అడుగు పలక లేచిపోవడం. చేయి పలక దాటి బయటికి బరువు ఎత్తితే క్రేను ముందుకు ఒరుగుతుంది. వెనుక అర లీటరు నీళ్ళ సీసా పెట్టి, ఎన్ని మి.లీ. పోస్తే ఆగుతుందో చూడమంటే అదే ఒక చక్కని పాఠం.

ఒక జట్టు క్రేను సగం లేచి ఆగిపోయింది. "మాస్టారూ, నీళ్ళున్నాయి, బుడగ లేదు, అయినా సగంలో ఆగిపోతంది" అని పిలిచారు. చేయి ఆగినచోట వేలు పెట్టి ఎక్కడ బిగుతుగా ఉందో తడిమి చూడమన్నాం. పిడి తల చేతి పట్టీకి ఎడమ వైపున ఒరుసుకుంటోంది. అట్ట మీద బూడిదరంగు గీత కూడా పడింది. పిడికి రెండువైపులా రీఫిల్ ముక్కలు సమానంగా లేవు, ఒకవైపు 3 మి.మీ., ఇంకోవైపు ఏమీ లేదు. పొట్టి ముక్క కోసి రెండోవైపు తొడిగారు. చేయి చివరిదాకా లేచింది. ఆ బూడిదరంగు గీతను పిల్లలు ఆ తర్వాత ప్రతి జట్టులోనూ వెతకడం మొదలుపెట్టారు. "రాసుకున్న గుర్తు" అని వాళ్ళే పేరు పెట్టుకున్నారు.

ఆగస్టు మొదటి వారం

కంటైనర్లు. ఒక సెంటీమీటరు అంటే ఒక మీటరు. 20 అడుగుల కంటైనరు పొడవు 6 మీటర్ల పైచిలుకు, వెడల్పు 2.4, ఎత్తు 2.6 మీటర్లు. పిల్లల కోసం 6 × 2.5 × 2.5 సెం.మీ. అనుకుంటే 11 × 11 సెం.మీ. చార్టు ముక్కలో ఒకటి వస్తుంది: చుట్టుకు నాలుగు పక్కలు కలిపి 10, అతుకు రెక్కకు 1, పొడవుకు 6, రెండు చివరల మూతలకు రెండున్నర చొప్పున. ఇసుక 20 గ్రాములు పోసి మూస్తే క్రేనుకు తగిన బరువు. పేపర్ క్లిప్పు వంచితే కొక్కెం.

ఇదే కొలతలో కురుసుర ఎంతుంటుంది? 91 మీటర్ల జలాంతర్గామి 91 సెం.మీ. అవుతుంది, పిల్లలు కూర్చునే బల్ల పొడవుకు దగ్గర. కంటైనరును దాని పక్కన పెట్టి చూడగానే కొలత అంటే ఏమిటో నోటితో చెప్పక్కర్లేకుండా అర్థమవుతుంది.

జలాంతర్గామి పని ఒక్క పూటది. లీటరు సీసా నిండా, అంచుదాకా నీళ్ళు. పెన్ను మూత అంచుకు బంకమట్టి కొద్దికొద్దిగా అంటించి, నీళ్ళలో నిటారుగా, కొన మాత్రం పైకి కనిపించేలా తేల్చాలి. సీసా మూత బిగించి, సీసాను నొక్కితే పెన్ను మూతలోకి నీరెక్కి అది మునుగుతుంది, వదిలితే తేలుతుంది. పనిచేయకపోతే రెండే కారణాలు: సీసా పైన ఖాళీ మిగలడం, లేదా పెన్ను మూత కొనకు చిన్న రంధ్రం ఉండటం. పిల్లలు మింగినా ఊపిరి ఆడాలని చాలా మూతలకు ఆ రంధ్రం పెడతారు, బంకమట్టితో దాన్ని మూయాలి.

ఆగస్టు రెండు, మూడు వారాలు

రోప్‌వే. గిలక చక్రానికి అట్ట బిళ్ళలు మూడు: మధ్యది 5 సెం.మీ., పక్కవి 7 సెం.మీ. వ్యాసం. మధ్య బిళ్ళ అంచుకు రబ్బరు బ్యాండు సాగదీసి తొడిగితే దారం జారదు. రెండు స్తంభాలు 120 సెం.మీ. ఎడంగా, ఒకటి ఇంకోదానికన్నా 30 సెం.మీ. ఎత్తుగా. దారం ఒకే చుట్టు, దానికి పై వరుసలో ఒక డబ్బా, కింది వరుసలో ఒక డబ్బా. ఒకటి ఎక్కుతుంటే ఇంకోటి దిగుతుంది, బరువులు సరితూగుతాయి కాబట్టి చిన్న పిడి తిప్పితే చాలు.

నూలు దారంతో, పురికొసతో చేస్తే పొద్దున్న వాన పడినప్పుడు బిగుసుకుంటుంది, ఎండ కాస్తే వదులవుతుంది. తేమ తాగిన నార ఉబ్బి దారం పొట్టిదవుతుంది. వల దారానికి ఆ ఇబ్బంది లేదు. ముడి మాత్రం డబ్బా తగిలించిన చోటే వేయాలి, వేరేచోట వేస్తే అది చక్రం దగ్గరికొచ్చి ఇరుక్కుంటుంది. డబ్బా చక్రానికి ఒక జానెడు ముందే ఆగేలా పిడికి గుర్తు పెట్టుకోవాలి.

బిగుతు పెంచినకొద్దీ స్తంభాలు లోపలికి వంగుతాయి. నిలువు స్తంభం ఒక్కటి దీన్ని ఆపలేదు. వెనుకవైపు ఏటవాలు కాలు పెట్టి, అడుగును బల్ల అంచుకు పెద్ద క్లిప్పులతో పట్టాలి. ఈ కాలు ఎంత దూరంగా పెడితే అంత బలం, కానీ బల్ల మీద చోటు అంత పోతుంది. ఈ బేరం పిల్లలు బాగా ఆడతారు.

ఆగస్టు చివరి వారం

లైట్‌హౌసు. ఓడవాళ్ళు ఏ లైట్‌హౌసో గుర్తుపట్టేది అది వెలిగి ఆరే లయను బట్టి. కాబట్టి ప్రతి జట్టూ తన లయ తానే రాసుకోవాలి, మిగతా జట్లు గది చీకటి చేసి, లెక్కపెట్టి ఎవరిదో చెప్పాలి.

బటన్ సెల్లులు ప్రాథమిక బడిలో వాడకూడదు, చిన్నపిల్లలు మింగితే ప్రాణానికే ముప్పు. పెన్సిల్ సెల్లులు రెండు, మూత ఉన్న డబ్బాలో, 3 వోల్టులు. తెల్ల ఎల్‌ఈడీ నేరుగా వెలుగుతుంది. ఎర్రదానికి సుమారు 2 వోల్టులే చాలు కాబట్టి 100 ఓముల రెసిస్టర్ వరసలో పెట్టాలి, లేకపోతే త్వరగా మాడుతుంది. పొడవు కాలు ప్లస్‌కు. వెలగకపోతే ముందు కాళ్ళు తిప్పి చూడాలి.

లయ బిళ్ళ ఇలా: 12 సెం.మీ. వ్యాసం అట్ట బిళ్ళ, 36 డిగ్రీల చొప్పున పది భాగాలు. అల్యూమినియం ఫాయిల్ ఒకే ముక్కలో కోయాలి. కొలతలన్నీ బిళ్ళ కేంద్రం నుంచి: 2 నుంచి 3 సెం.మీ. దాకా నిండు వలయం, దానినుంచి వెలగాల్సిన భాగాల్లో మాత్రం 5 సెం.మీ. దాకా రేకలు. రెండువైపులా అంటుకునే టేపుతో అట్టకు పరవాలి. ఒక రాగి తీగ కొన 2.5 సెం.మీ. దగ్గర వలయం మీద, ఇంకోటి 4.5 సెం.మీ. దగ్గర రేకల దారిలో ఆనాలి. బిళ్ళను పది సెకన్లకు ఒక చుట్టు తిప్పితే ఒక్కో భాగం ఒక సెకను. మొదటి, మూడో భాగాల్లో రేకలుంటే పది సెకన్లకు రెండు మెరుపులు.

ఫాయిల్ రెండు మూడు ముక్కలుగా అతికిస్తే టేపు మధ్యలో అడ్డుపడి కరెంటు పారదు. బిస్కెట్ ప్యాకెట్ల లోపలి వెండిరంగు పొర మెరుస్తుంది గానీ దాని మీద ప్లాస్టిక్ పూత ఉంటుంది, పనికిరాదు. తీగ కొన సూటిగా ఆనితే ఫాయిల్ అంచును గీరి చింపుతుంది. కొనను చిన్న ఉంగరంలా వంచి, వంపు ఆనేలా పెట్టాలి. సముద్రపు గాలికి రాగి కొనలు మసకబారుతాయి, ఇనప క్లిప్పులు, గుండుసూదులు తుప్పు పడతాయి. ముందువారం వెలిగిన దీపం ఈ వారం వెలగకపోతే సెల్లు మార్చే ముందు ఆ కొనలను ఎమరీ పేపరుతో రుద్ది చూడాలి.

సెప్టెంబరు

అన్నీ కదులుతున్నాయి, ఇప్పుడు రంగు, ఆ తర్వాత జిగురు. వరుస ఇదే. ఏటికొప్పాక బొమ్మ ఒకటి తెచ్చి బల్ల మీద పెడితే ఈ మాట సులువుగా ఎక్కుతుంది. అంకుడు కర్రతో చేసే ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తిరుగుతున్న కర్రకు లక్క పుల్ల ఒత్తితే రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. భాగాలు విడివిడిగా తిప్పి రంగు పట్టించాకే కలుపుతారు. మన క్రేను ముక్కలూ విప్పి ఉన్నప్పుడే రంగు వేయాలి.

పోస్టర్ కలరు నీళ్ళు ఎక్కువ కలిపి ఒకవైపే వేస్తే అట్ట విల్లులా వంగుతుంది. చిక్కగా, పలుచటి పూత, రెండువైపులా. ఇరుసు రంధ్రాల చుట్టూ, పట్టీలు రాసుకునే చోట రంగు వద్దు.

ఫెవికాల్ ఇప్పుడు బయటికొస్తుంది, పట్టీల పొరలకు, స్తంభం మడత పట్టీలకు, కంటైనర్ల అతుకులకు మాత్రమే. వేలితో పలుచగా పూసి, పుస్తకాల బరువు కింద రాత్రంతా ఉంచాలి. మైదా జిగురుతో చేసే బళ్ళలో మైలుతుత్తం కలిపే అలవాటు ఉంటే మానాలి, అది విషం. కలపని మైదా జిగురు మన తేమకు త్వరగా బూజు పడుతుంది, ఏ రోజుది ఆ రోజే వాడాలి. కదిలే ఏ కీలుకూ జిగురు తగలకూడదు: ఇరుసు, పిడి పుల్ల, సిరంజి కట్టు, గిలక. పుల్ల బయటికి జారకుండా చివర చిన్న రబ్బరు బ్యాండు చుడితే చాలు.

మార్కుల విషయం. అందానికి మార్కులు పెడితే ఇంట్లో పెద్దవాళ్ళు చేసిన క్రేన్లు బడికొస్తాయి. మేం చూసేది నోటు పుస్తకం: మొదటి బొమ్మ, చివరి బొమ్మ, మధ్యలో మార్చిన ప్రతిదానికీ ఒక వాక్యం. "రంధ్రం 6 నుంచి 8కి జరిపాం, బరువు లేచింది కానీ ఎత్తు తగ్గింది" అని రాసిన పిల్లకు, క్రేను పక్కకు కొద్దిగా ఒరిగి ఉన్నా, మంచి మార్కులే పడాలి. గీతలు వంకరగా ఉన్నా ఫరవాలేదు, కొలతలు మాత్రం ఉండాలి.

ప్రదర్శన అయ్యాక అదే రోజు సర్దుడు. సిరంజిల్లో నీళ్ళు తీసేయాలి, ఉంచితే నాచు పడుతుంది. పిడిని బయటికి లాగి విడిగా ఆరబెట్టి, వచ్చే ఏడాది వాడే ముందు గ్లిజరిన్ రాయాలి. సెల్లులు డబ్బాల్లోంచి తీయాలి, లేకపోతే కారి తీగలు పాడవుతాయి. క్లిప్పులు తుడిచి, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో వేయాలి. గొట్టాలు చుట్టి కాకుండా పొడవుగా వేలాడదీస్తే నొక్కులు పడవు. పుల్లలు, రీఫిళ్ళు, వల దారం, కేబుల్ టై వేసిన సిరంజిలు జట్ల వారీగా సంచుల్లో. చిరిగిన అట్ట పాత పేపర్ల కొట్టుకు. నోటు పుస్తకాలు మాత్రం తరగతిలోనే ఉంటాయి, వచ్చే జూన్‌లో నాలుగో తరగతిలోకి వచ్చేవాళ్ళకు మొదటి వారం చదివించడానికి.